నేలపట్టు: గూడబాతులు సరే, ఆ అడవి సంగతేంటి?

పాలచెట్టు:
సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం మీద ఇక్కడున్న పాత పోస్టులన్నీ కూర్చుని చదివాను. అన్నీ గూడబాతుల (పెలికాన్ల) ఫోటోలే. ఏ లెన్స్ వాడాలి, టవర్ మీద ఏ వేళప్పుడు వెలుతురు బాగుంటుంది, ఇవే ప్రశ్నలు. అడగడంలో తప్పేం లేదు, గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే ముఖ్యమైన చోట్లలో అదొకటి కాబట్టి కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. కానీ ఆ రక్షిత కేంద్రం మొత్తం దాదాపు 459 హెక్టార్లు, అందులో 288 హెక్టార్ల దాకా అడవే. చెరువు కట్ట వైపు నడుస్తుంటే దారి పక్కన కనిపించే పొట్టి, గుబురు చెట్లను చూసి చాలామంది "తుప్పలు" అనేసి దాటిపోతారు. అవి తుప్పలు కావండీ. పొడి సతతహరిత అడవి అంటారు దాన్ని, తూర్పు తీరం వెంబడి సన్నటి పట్టీలా ఉండేది, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. పాల చెట్టు, గొట్టి, కలివి, బలుసు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. ఒక్కసారి ఆగి పాల చెట్టు ఆకు పట్టుకుని చూడండి, ముదురాకుపచ్చ, తోలులా మందం, కొస దగ్గర చిన్న నొక్కు, ఆకులన్నీ రెమ్మ చివర గుత్తిగా ఉంటాయి. తుంచితే పాలు కారతాయి (తుంచకండి, చెప్తున్నానంతే). నెలల తరబడి చుక్క వాన పడకపోయినా ఆ ఆకు రాలదు. ఈ అడవి గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

సూళ్లూరు కుర్రాడు:
అన్నా, మాది ఆ పక్కనే. 2025 జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ మళ్లీ పెట్టినప్పుడు జనం బాగా వచ్చారు, సంతోషమే. మా వైపు పిల్లలకి పక్షుల పేర్లు తెలియడం మొదలైందే ఆ పండగ వల్ల. కానీ నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా, ఏమనుకోవద్దు. గూడబాతులు గూళ్లు కట్టేది చెరువులో నిలబడ్డ నీటి కడప చెట్ల మీద కదా, తిండికి పులికాట్ సరస్సుకో, చుట్టుపక్కల చెరువులకో ఎగిరిపోతాయి. మరి గట్టు మీదున్న ఈ అడవి పోతే వాటికి వచ్చే నష్టం ఏంటి?

పాలచెట్టు:
మంచి ప్రశ్న తమ్ముడూ. రెండు మూడు సంగతులున్నాయి. అక్కడ చెరువు నిండేది ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వానతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు. గూళ్ల సీజన్ కూడా అప్పుడే మొదలై మార్చి దాకా నడుస్తుంది. తుఫాను వాన ఒక్క రాత్రిలో దంచి కొడితే బోడి నేల మీద నుంచి నీళ్లు మట్టితో సహా చెరువులోకి దిగుతాయి. చెట్టూ పొదా ఉన్న నేలైతే ఆ వానని పట్టి ఉంచుతుంది, కొంత ఇంకుతుంది, మిగతాది నెమ్మదిగా చెరువులోకి చేరుతుంది. పూడిక తగ్గుతుంది, నీళ్లు మార్చి దాకా నిలుస్తాయి. గూడబాతు గుడ్డు పొదగడానికే నెల రోజులు పడుతుంది, ఆ తర్వాత పిల్ల సొంతంగా ఎగరడానికి ఇంకా కొన్ని నెలలు. ఫిబ్రవరిలోనే చెరువు ఎండితే చెట్ల కింద నీళ్ల కాపలా పోతుంది, కుక్కలూ నక్కలూ నేరుగా చెట్టు మొదట్లోకి నడిచి వస్తాయి, కింద పడ్డ పిల్ల ఏదీ దక్కదు.

రెండోది గూటికి పుల్లలు. వేల పక్షులు ఒకే సీజన్‌లో గూళ్లు కడితే ఆ పుల్లలన్నీ ఎక్కడి నుంచి రావాలి? చుట్టూ అడవి ఉంటే అక్కడి నుంచే. లేకపోతే గూళ్లున్న చెట్ల కొమ్మలే విరుస్తాయి. ఇక పండ్లు తినే పిట్టలు, పాములు, ఉడుములు, సీతాకోకచిలుకలు వీటన్నిటికీ ఇల్లు అదే. నేలపట్టులో 180కి పైగా పక్షి జాతులు కనిపిస్తాయని చెబుతారు, వాటిలో నీటి పక్షులు కొన్నే. మిగతావి ఎక్కడుంటాయి మరి?

కొల్లేటి గట్టు:
మా వైపు కథ చెప్తాను, దీనికి సంబంధం ఉంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద కాలనీ చూసి రాశారు. ఊళ్ల మధ్య, చెట్ల మీద, జనం పక్కనే ఉండేవట. తర్వాత కొల్లేటి ప్రాంతంలోనూ గూళ్లుండేవి. 1970ల మధ్యకి వచ్చేసరికి అవన్నీ ఖాళీ అయిపోయాయి. ఆ మీదట చేపల చెరువులు పెరిగాయి, చెరువు గట్లు లేచాయి, పెద్ద చెట్టన్నది కనపడటం తగ్గింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రాంసర్ గుర్తింపు (చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల గట్లు పేల్చారు. ఇంత జరిగినా గూడబాతు గూడు కట్టడానికి చెట్టు లేదు. కొల్లేటి పక్కనే ఉన్న ఆటపాకలో ఇనప స్టాండ్లు నిలబెట్టి, పైన జల్లెడలా పళ్లేలు బిగిస్తే వాటి మీద వచ్చి గూళ్లు కట్టాయి. ఇప్పుడు చూడండి, నిండుగా ఉంటాయి. కాబట్టి చెట్లే ఉండాలన్న పట్టుదల వద్దని నా మాట. పక్షికి కావాల్సింది నీళ్ల మధ్యలో ఎత్తు, అది ఇనుమైతే ఏం?

బైనాక్యులర్:
కొల్లేటి గట్టు గారూ, ఆటపాక స్టాండ్లు ఆ పరిస్థితిలో పనికొచ్చాయి, నేనూ చూశాను, ఒప్పుకుంటాను. గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువులో కూడా చెట్లు చచ్చిపోతుంటే అలాంటివే పెట్టారు. కానీ దాన్ని ఆదర్శం చేసుకోవద్దు. ఇనప పళ్లెం మీద నీడ ఉండదు. గూడబాతు పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు, తల్లో తండ్రో రెక్క కాస్త విప్పి పైన నిలబడి నీడ పట్టాలి. చెట్టు మీదైతే ఆకుల నీడ కొంతైనా ఉంటుంది, గాలికి కొమ్మ ఊగుతుంది, పిల్ల పట్టు తప్పినా కింది కొమ్మలో చిక్కుకునే అవకాశం ఉంటుంది. స్టాండ్ మీద నుంచి జారితే నేరుగా నీళ్లలోకే.

ఇంకో విషయం, ఒక చెట్టు మీద ఎన్ని రకాలు కాపురం చేస్తాయో నేలపట్టులో కాసేపు నిలబడితే తెలుస్తుంది. పైన కొసన గూడబాతు, దాని కింద నత్తగుల్ల కొంగ, పక్క కొమ్మల్లో తెల్ల కంకణం, ఇంకా కింద గుబురులో నీటికాకి, రాత్రి కొంగ. అంతస్తులుగా ఉంటాయి. స్టాండ్ మీద అలా కుదరదు, ఒకే ఎత్తు, గట్టిగా ఉన్నదే గెలుస్తుంది. నీటి కడప మొదలు నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్నా కుళ్లదు, అందుకే చెరువు మధ్యలో అది నిలబడగలిగింది, అలాంటి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎండాకాలంలో దాని పూలు చూశారా ఎవరైనా? ఎర్రటి దారాలు వేలాడదీసినట్టు ఉంటాయి, రాత్రి విచ్చుకుంటాయి, తెల్లారేసరికి కేసరాలన్నీ కింద రాలి చెట్టు మొదలంతా ఎర్రగా పరుచుకుంటుంది. పక్షులు లేని సీజన్ కాబట్టి ఎవరూ వెళ్లరు.

సూళ్లూరు కుర్రాడు:
నేను చూశా. మా నాన్న దాని కాయలు దంచి నీళ్లలో వేస్తే చేపలు మత్తెక్కి తేలతాయని చెప్పేవాడు, పాతకాలంలో అలా పట్టేవాళ్లట.

బైనాక్యులర్:
నిజమే, దాని బెరడు, కాయ అలా వాడేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చేయకూడదు.

నాకు టెన్షన్ ఎక్కడంటే, ఆ నీటి కడప చెట్లలో చాలావరకు ఒకే ఈడువి. పిల్ల మొక్కలు తక్కువగా కనిపిస్తాయి. మొక్క మొలిచిన మొదటి ఏళ్లలో చెరువు నిండి తల మునిగితే బతకడం కష్టం, నీళ్లు తగ్గినప్పుడు అడుగున మొలిస్తే పశువు తొక్కుతుంది. మీద నుంచి వేల పక్షుల రెట్ట. రెట్ట మోతాదు మించితే ఆకు మాడిపోతుంది, కొమ్మ ఎండుతుంది, ఇది ప్రపంచంలో ప్రతి కొంగల కాలనీలోనూ ఉన్నదే. అంటే పెద్ద చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పోవడం మొదలైతే వాటి స్థానంలోకి వచ్చేవి సిద్ధంగా లేవు. ఇప్పుడు నాటితే మన పిల్లలు పెద్దయ్యాక గూడు మోసే చెట్టవుతుంది.

ఆయకట్టు:
రైతు మాట కూడా వినండి. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పెడితే ఎరువు తక్కువ పడుతుందని మా వైపు అందరికీ తెలుసు, అందుకే ఆ పక్షుల్ని ఎవరూ ఏమీ అనరు. పక్షి వాలితే వాన పడుతుందన్న నమ్మకం కూడా ఉంది. తమిళనాడులో వేడంతాంగల్ పక్షుల చెరువు సంగతి తెలుసా? అక్కడి రైతులు 1798లోనే కలెక్టరు దగ్గరికి పోయి, చెరువులో పక్షుల్ని ఎవరూ కాల్చకూడదని కాగితం రాయించుకున్నారు. చట్టాలు, అభయారణ్యాలు, ఇవేవీ లేని రోజుల్లో. ఆ చెరువులో కూడా ఈ నీటి కడప చెట్లే. ఊరికి లాభం ఉన్నప్పుడు ఊరే కాపలా కాస్తుంది, గార్డు కన్నా గట్టిగా.

అయితే తూము తిప్పే దగ్గర గొడవ వస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో వరికి నీళ్లు కావాలి, అదే టైమ్‌కి గూళ్లలో పిల్లలుంటాయి. రైతు తప్పు, పక్షి తప్పు అని తేల్చేస్తే పని జరగదు. ముందే కూర్చుని, ఏ మట్టం కిందకి నీళ్లు దించకూడదో ఒక రాయి పాతుకోవాలి. ఆ మట్టం దగ్గర ఆపడం వల్ల పంటకి నీళ్లు చాలకపోతే రైతుకి పరిహారం ఎలా అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. పెద్దవాళ్లు చెరువుల్ని అలాగే నడిపారు.

రిటైర్డ్ మాస్టారు:
ఆయకట్టు గారి మాటకి తోడు రాజస్థాన్ ఉదాహరణ ఒకటి చెప్పాలి. భరత్‌పూర్‌లో కేవలాదేవ్ పార్కు, దాదాపు 29 చదరపు కిలోమీటర్లు, చిత్తడి నేలా అడవీ కలిసినదే. ఒకప్పుడు రాజుల బాతుల వేట మైదానం, 1938లో ఒక్కరోజులో 4 వేలకు పైగా పక్షుల్ని కాల్చారు. తర్వాత పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ లాంటివాళ్ల పట్టుదల వల్ల రక్షణ వచ్చింది, 1981లో జాతీయ పార్కు అయింది, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం. 1982లో పశువుల్ని లోపల మేపడం పూర్తిగా ఆపేశారు. గ్రామస్తులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అంత ఖరీదు చెల్లించి ఆపిన తర్వాత ఏమైంది? గేదెలు తినే ఒక రకం గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి నీటిని కప్పేసింది. బాతులకు దిగడానికి నీళ్లు కనపడలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, గేదెలు ఆ చిత్తడి నేలకి మేలే చేస్తున్నాయని తేల్చారు.

అలాగని నేలపట్టులో పశువుల్ని వదిలేయమని నేను అనను. అడవి వైపు మేకలు పడితే చిగురు మిగలదు. చెరువు అంచున వేసవిలో కొన్ని గేదెలు తిరిగితే ఫరవాలేదేమో, అది కూడా నీటి కడప పిల్ల మొక్కలున్న చోటికి కంచె వేశాకే. ఎక్కడ ఏది, ఎప్పుడు, అన్న లెక్క ఉండాలి.

గట్టు మీద:
మాస్టారూ, పూడికతీత గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను, ఇది నేలపట్టు సంగతి కాదు, మా పక్క ఊరి చెరువులో కళ్లారా చూసింది. జేసీబీలు దించి నాలుగు పక్కలా నిటారుగా తవ్వేశారు, అడుగు మొత్తం ఒకే లోతు, గట్టు గోడలా తయారైంది. నీళ్లు ఎక్కువ పడతాయని అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి చలికాలం ఒడ్డున పురుగులు ఏరుకునే ఉల్లంకి పిట్టలు ఒక్కటీ రాలేదు. వాటి కాళ్లు ఎంతుంటాయి, జానెడు నీళ్లు కూడా వాటికి లోతే. బాతుల్లో తల ముంచి అడుగున మేసేవాటికి మోకాలి లోతు దాటితే అందదు. గూడబాతుకి మాత్రం లోతు నీళ్లు కావాలి. అందరికీ చోటుండాలంటే గట్టు వాలుగా దిగాలి, మధ్యలో అక్కడక్కడ గుంటలు, తవ్విన మట్టితో చెరువులోనే చిన్న దిబ్బలు, వాటి మీద నీటి కడపో నల్లతుమ్మో పెట్టాలి. ఖర్చు కూడా పెద్దగా పెరగదు, అదే యంత్రం, అదే మట్టి. ముందు ఎవరైనా కాగితం మీద గీసి ఇవ్వాలంతే.

పాలచెట్టు:
దిబ్బల ఆలోచన చాలా బాగుంది. నీటి కడప మొక్కని దిబ్బ మీద పెడితే మొదటి ఏళ్లలో తల మునగకుండా కాపాడొచ్చు.

ఆకుపచ్చ:
నమస్తే, కొత్త సభ్యురాలిని. మా కాలేజీ నుంచి పక్షుల కేంద్రాల దగ్గర మొక్కలు నాటే కార్యక్రమం అనుకుంటున్నాం. కానుగ, వేప, రావి, గుల్‌మొహర్ వెయ్యాలని ఉంది, త్వరగా పెరుగుతాయి కదా. సలహా ఇవ్వగలరా?

పాలచెట్టు:
స్వాగతం అమ్మా. ఊరి బడి ఆవరణకైతే కానుగ, వేప, రావి బంగారంలా ఉంటాయి. రక్షిత కేంద్రం అడవిలో మాత్రం వెయ్యకండి. గుల్‌మొహర్ అసలే వద్దు, అది మన దేశపు చెట్టు కాదు. అక్కడి అడవి పొట్టి అడవి, ఆ గుబురులో ఎత్తుగా, వేగంగా పెరిగే చెట్టు వేస్తే కింద ఉన్నవాటికి ఎండ అందదు. పాల చెట్టు చాలా నిదానం. ఏడాదికి ఎంత పెరిగిందో కంటితో చూస్తే తెలియదు కూడా. ఫోటో దిగి, రెండేళ్ల తర్వాత మళ్లీ ఫోటో దిగి చూపించడానికి అది పనికిరాదు, అందుకే అభివృద్ధి పనుల పేరుతో దాన్ని ఎవరూ నాటరు. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా సరుగుడు, జామాయిల్ తోటలే.

మొక్కలు నాటడం కన్నా ముందు చేయగలిగిన పని ఒకటుంది. ఉన్న అడవిలో సర్కారు తుమ్మ (బయటి దేశం నుంచి వచ్చి అల్లుకుపోయే ముళ్ల చెట్టు) దూరిన చోట్లు గుర్తించి, అనుమతితో, వేళ్లతో సహా తీయించడం. నరికి వదిలేస్తే మిగిలిన మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి, కాబట్టి మొదలు కింద భాగం కూడా తవ్వి తీయాల్సిందే. అది తీసేసి పశువులు రాకుండా చూస్తే పిట్టలే విత్తనాలు తెచ్చి వేస్తాయి. పికిలి పిట్టలు, కోయిలలు కలివి, బలుసు పండ్లు తిని కొమ్మ మీద కూర్చుంటాయి, ఆ కొమ్మ కింద రెండేళ్లలో చూడండి ఏం మొలుస్తుందో.

కొల్లేటి గట్టు:
సర్కారు తుమ్మ మొత్తం తీసేస్తే మళ్లీ ఇంకో ప్రమాదం. ఉప్పలపాడులో గూళ్లున్నదే దాని మీద. చెడ్డ చెట్టని ఒక్క వేసవిలో కొట్టేస్తే పక్షులు దిక్కులేనివవుతాయి.

పాలచెట్టు:
సరిగ్గా చెప్పారు. నీళ్లలో గూళ్లున్న తుమ్మని ముట్టుకోకూడదు, దాని పక్కన నీటి కడప, నల్లతుమ్మ ఎదిగి పక్షులు వాటి మీదకి మారాక తీయొచ్చు. నేను చెప్పింది గట్టు మీది అడవిలో దూరినదాని గురించి.

షార్ పక్క:
శ్రీహరికోట చూసినవాళ్లకి ఈ అడవి పెద్దయితే ఎలా ఉంటుందో తెలుస్తుంది. రాకెట్ కేంద్రం వచ్చి దీవిలోకి రాకపోకలు కట్టడి అయ్యాక అక్కడి పొడి సతతహరిత అడవి చాలావరకు నిలబడింది. మా నాన్న అక్కడ ఉద్యోగం చేసేవారు, క్వార్టర్స్ నుంచి లాంచ్ ప్యాడ్ వైపు బస్సులో వెళ్తుంటే రెండు పక్కలా చెట్ల గోడ అని చెప్పేవారు. యానాది గిరిజనులు ఆ అడవిలో తరతరాలు బతికినవాళ్లు, ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో వాళ్లకి తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. నేలపట్టు అడవి మీద ఎవరైనా పని మొదలుపెడితే మొదట వాళ్ల పెద్దవాళ్లనే అడగాలి, కూలి ఇచ్చి పని చేయించుకోవడానికి మాత్రమే పిలిచి పంపేయకూడదు. ఈ మాట గట్టిగా అంటున్నాను.

బైనాక్యులర్:
వంద శాతం. ఇంకో విషయం కూడా చెప్పి ఆపుతాను. అన్ని గూడబాతుల్నీ ఒకటి రెండు చెరువుల మీదే ఆధారపడనిస్తే ఏమవుతుందో శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో చూశాం. 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి, చేపల ద్వారా ఒంట్లోకి చేరిన నులిపురుగులే కారణమన్నారు. ఆ ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, వాళ్ల బాధ చెప్పలేం. ప్రేమ ఎంత ఉన్నా రోగం ఆగలేదు. కాబట్టి నేలపట్టు ఒక్కటే బాగుంటే చాలదు, దగ్గర్లోని వెదురుపట్టు లాంటి చిన్న చెరువుల్లో కూడా గూళ్లకి చెట్లుండాలి, ఒకచోట దెబ్బ తగిలితే ఇంకోచోట మిగలాలి.

ఆకుపచ్చ:
ఇన్ని విషయాలు ఎక్కడా దొరకలేదు, అందరికీ థాంక్స్. మా ప్లాన్ మార్చేశాం. మొక్కల కార్యక్రమం బదులు నర్సరీ పెడదామని మా మేడమ్ కూడా ఒప్పుకున్నారు. పాల విత్తనాలు ఎప్పుడు, ఎక్కడ దొరుకుతాయి? కేంద్రం లోపల ఏరుకోవచ్చా?

పాలచెట్టు:
లోపల అనుమతి లేకుండా కాయ కూడా తీయకూడదమ్మా, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. బయట గుడి తోపుల్లో, పాత రోడ్ల పక్కన, పొలం గట్ల మీద ముసలి పాల చెట్లు ఇంకా ఉన్నాయి, వేసవిలో పసుప్పచ్చటి చిన్న పండ్లు రాలుతాయి, తియ్యగా ఉంటాయి. గుజ్జు కడిగేసి, విత్తనం ఎండిపోకముందే ఇసక కలిపిన మట్టిలో వెయ్యండి, పొడవాటి సంచులు తీసుకోండి, వేరు లోతుకి పోతుంది. వానాకాలం అంటే మన వైపు అక్టోబరు, జూన్‌లో నాటే అలవాటు ఇక్కడ పెట్టుకోవద్దు. నీటి కడపకైతే వేరే సంచులు, నీడ తక్కువ, మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి.

సూళ్లూరు కుర్రాడు:
అక్కా, మా తాతగారి పొలం గట్టు మీద రెండు పాల చెట్లున్నాయి, ఈ వేసవిలో పండ్లు నేను ఏరి పెడతా. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ లెక్కకి మీ వాళ్లని తీసుకురండి, చెరువు పక్షులు లెక్కపెట్టిన తర్వాత అడవి దారిలో కూడా నడుద్దాం, అక్కడ ఏమేం ఉన్నాయో రాసుకుందాం.